తీగను వదిలేశాక మిగిలేది

హార్ప్ వాయించేవారు మీటిన స్వరాన్ని పట్టుకోలేరు, వంచలేరు. అయినా ఆ స్వరం మనల్ని పట్టి కూర్చోబెడుతుంది. దీని వెనకున్న శాస్త్రం ఏమిటి?

1975 జనవరి. లండన్‌లో బ్రయన్ ఈనో అనే సంగీతకారుడిని టాక్సీ గుద్దింది. ఆ దెబ్బలతో ఇంట్లో మంచం పట్టాడు. చూడ్డానికి వచ్చిన స్నేహితురాలు పద్దెనిమిదో శతాబ్దపు హార్ప్ సంగీతం ఉన్న రికార్డు ఒకటి ఇచ్చి వెళ్లింది. ఆమె వెళ్లాక ఈనో ఎలాగో లేచి, రికార్డు పెట్టి, మళ్లీ వచ్చి పడుకున్నాడు. అప్పుడు తెలిసింది, శబ్దం మరీ తక్కువగా ఉందని. పైగా స్టీరియోలో ఒక వైపు అసలు పలకడమే లేదు. మళ్లీ లేచి సరిచేసే ఓపిక ఒంట్లో లేదు. అలాగే వింటూ ఉండిపోయాడు.

బయట వాన. ఆ వాన చప్పుడులోంచి అప్పుడొకటి, అప్పుడొకటి హార్ప్ స్వరాలు పైకి తేలి మళ్లీ మునిగిపోతున్నాయి. కిటికీలోంచి పడే వెలుతురులాగా, వాన శబ్దంలాగా, సంగీతం కూడా గదిలో ఒక భాగమైపోవచ్చని ఆయనకు మొదటిసారి అనిపించింది. ఈ అనుభవాన్ని అదే ఏడాది వచ్చిన తన ‘డిస్క్రీట్ మ్యూజిక్’ రికార్డు అట్ట మీద ఆయనే రాశాడు. కొన్నేళ్ల తర్వాత ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ వచ్చింది. యాంబియంట్ సంగీతం, అంటే మన చుట్టూ ఆవరించి ఉండే సంగీతం అన్న పేరు అక్కడి నుంచే ఊరూరా పాకింది.

ఈ కథలో నన్ను ఆపేసిన ప్రశ్న ఒకటుంది. ఆ రోజు ఆ రికార్డులో పాట ఉండి ఉంటే, మాటలు అందక చిరాకు పుట్టేది. బ్యాండు మేళం ఉండి ఉంటే అరకొరగా వినబడి విసుగొచ్చేది. హార్ప్ మాత్రం సగం మునిగిపోయి కూడా మనసుకు ఎలా ఆనింది? యాభై ఏళ్ల తర్వాత ఇవాళ రాత్రి పడుకునే ముందు, చదువుకునేటప్పుడు, ఆఫీసు పని చేసుకుంటూ ఇయర్‌ఫోన్‌లో హార్ప్ పెట్టుకునేవాళ్లకు దొరుకుతున్నది కూడా అదేనా? జవాబు కోసం తీగ దగ్గరికే వెళ్లాలి.

వెనక వరసలోంచి ముందుకు

చాలాకాలం హార్ప్‌ది ఆర్కెస్ట్రాలో వెనక వరస. ఇత్తడి వాద్యాలు, వయొలిన్లు ఒక్కసారిగా లేస్తే దాని గొంతు మునిగిపోతుంది. 1960లలో అమెరికాలోని నల్లజాతి జాజ్ కళాకారిణులు దాన్ని ముందుకు తెచ్చారు. డొరొతీ ఆష్బీ 1968లో ‘ఆఫ్రో హార్పింగ్’ చేసింది. ప్రసిద్ధ శాక్సొఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఇంటికి ఒక హార్ప్ తెప్పించాలని ఆర్డరిచ్చి, అది వచ్చేలోపే 1967లో కన్నుమూశాడు. ఆయన వెళ్లిపోయాక ఇంటికి చేరిన ఆ హార్ప్ ముందు ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్ కూర్చుంది. 1971లో వచ్చిన ఆమె ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ వినండి. అడుగున మన తంబురా శ్రుతి నిలకడగా సాగుతుంటే, దాని మీద హార్ప్ అలలు అలలుగా వచ్చి విరుగుతుంది.

ఆ దారి ఇప్పుడు బాగా వెడల్పయింది. అమెరికాలో మేరీ లాటిమోర్ 47 తీగల హార్ప్‌ని ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెకి కలిపి, తాను మీటిన స్వరాల మీద తానే మళ్లీ మళ్లీ స్వరాలు పేరుస్తుంది. లండన్‌లో నాలా సినెఫ్రో హార్ప్‌నీ సింథసైజర్‌నీ కలిపి 2021లో ‘స్పేస్ 1.8’ చేసింది. న్యూయార్క్‌లో బ్రాండీ యంగర్, బాగుచేయించిన ఆలిస్ కోల్ట్రేన్ హార్ప్ మీదే 2025లో ఒక ఆల్బమ్ తెచ్చింది. పశ్చిమాఫ్రికాలో సొరకాయ బుర్రకు ఆవు తోలు బిగించి చేసే, హార్ప్‌కి బంధువైన 21 తీగల కోరాను, మాలీ విద్వాంసుడు తుమానీ జ్యాబతే 1988లో ‘కైరా’లో ఒంటరిగా వాయించి ప్రపంచానికి వినిపించాడు.

ఈ మార్పులో రుచికి ఎంత పాలుందో పనిముట్లకీ అంతే ఉంది. హార్ప్ మెల్లగా మాట్లాడే వాద్యం. పెద్ద హాలు చివరి వరసకి చేరేసరికి దాని స్వరంలోని సన్నని తోక రాలిపోతుంది. తీగకి జానెడు దూరంలో మైకు పెట్టి, ఆ శబ్దాన్ని నేరుగా మీ చెవిలోకి పంపితే తోకతో సహా మొత్తం అందుతుంది. మొదటి వరసలో కూర్చున్నవాళ్లకి కూడా ఒకప్పుడు అందనిది ఇవాళ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారికి అందుతోంది.

ఒక్కో స్వరానికి ఒక్కో తీగ

హార్ప్‌ని అర్థం చేసుకోవడానికి మనకు బాగా తెలిసిన వీణ పక్కన పెట్టి చూద్దాం.

వీణలో వాయించే తీగలు నాలుగు, మెట్లు ఇరవై నాలుగు. ఒకే తీగను వేర్వేరు మెట్ల దగ్గర నొక్కితే వేర్వేరు స్వరాలు పుడతాయి. మీటిన తర్వాత కూడా ఎడమ చెయ్యి ఖాళీగా ఉండదు. తీగను మెట్టు మీద పక్కకి లాగి, ఊపి, జార్చి గమకం పలికిస్తుంది. ఒక్క మీటుతో పుట్టిన నాదాన్ని ఆరిపోయేదాకా చేతుల్లోనే పెట్టుకుని నడిపిస్తుంది.

హార్ప్‌లో మెట్లు లేవు. ప్రతి స్వరానికీ సొంత తీగ ఉంది. పెద్ద కచేరీ హార్ప్‌కి 47 తీగలు. నిలువుగా దగ్గర దగ్గరగా ఉన్న అన్ని తీగల్లో దారి తప్పకుండా ప్రతి స్థాయిలోనూ ‘సి’ తీగకి ఎరుపు, ‘ఎఫ్’ తీగకి నలుపు రంగు వేస్తారు. వాయించేవారి చేతిని దగ్గరగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. బొటనవేలు పైకి నిక్కి ఉంటుంది. దాని కింద మూడు వేళ్లు తీగల మీద ఆని ఉంటాయి. చిటికెన వేలికి పని లేదు. మీటిన వేలు తీగ దగ్గర ఆగదు. లోపలికి ముడుచుకుని అరచేతిని తాకుతుంది. ఆ ముడుచుకోవడంతో చెయ్యి చెయ్యాల్సింది అయిపోయింది.

గమకం లేదు, లాగడం లేదు. వదిలిన స్వరం దాని దారిన అది పోతుంది. హార్ప్‌కి ఇదే లోటు, ఇదే బలం. వైణికుడు నాదాన్ని నడిపిస్తాడు. హార్ప్ వాయించేవారు దాన్ని ప్రవాహంలోకి దీపం వదిలినట్టు వదులుతారు. కాబట్టి హార్ప్ అందమంతా వదిలేశాక జరిగేదానిలోనే వెతకాలి.

> పెట్టె 1: కాళ్లతో మారే స్వరాలు
>
> పియానోలో తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉన్నట్టు హార్ప్‌లో అర స్వరాలకి కూడా వేరే తీగలు పెడితే చెయ్యి చాలదు. అందుకని ఒక్కో స్థాయికి ఏడు తీగలే ఉంచి, అడుగున ఏడు పెడళ్లు పెట్టారు. పెడల్‌కి మూడు స్థానాలు. నొక్కితే లోపలి కడ్డీలు కదిలి, తీగ పైకొసన ఉండే చిన్న బిళ్లలు తిరిగి తీగను కాస్త పొట్టి చేస్తాయి. స్వరం అర మెట్టు పెరుగుతుంది. ఇంకా నొక్కితే మరో అర మెట్టు. ఈ ఏర్పాటుకు సెబాస్టియన్ ఎరార్ 1810లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి కచేరీ హార్ప్‌లు అదే సూత్రం మీద నడుస్తున్నాయి. అన్ని తీగల బిగువూ కలిపితే ముప్పావు టన్ను దాటుతుంది. ఆ లాగుడును కింది కొసన భరించేది పలచని చెక్క పలక.

మీటు పడిన క్షణం

తీగను వేలితో పక్కకి లాగండి. ఒక క్షణం అది ఎక్కుపెట్టిన వింటినారిలా త్రికోణంగా ఉంటుంది. వదలగానే ఆ కోణం రెండుగా విడిపోయి చెరో వైపూ పరుగెత్తుతుంది. కొసలకు కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది, ఎదురుపడుతుంది, దాటుకుని మళ్లీ కొసల దాకా పోతుంది. ఈ రాకపోకలు సెకనుకి ఎన్నిసార్లు జరుగుతాయో దాన్నిబట్టి స్వరం హెచ్చో తగ్గో తేలుతుంది. హార్ప్‌లో అన్నిటికన్నా పొడుగు తీగ సెకనుకి సుమారు 33 సార్లు ఊగుతుంది. అన్నిటికన్నా పొట్టిది 3,100 సార్లకు పైగా.

అయితే తీగ ఒక్క రకంగా ఊగదు. మొత్తంగా ఊగుతూనే, రెండు సగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా అదే సమయంలో ఊగుతుంది. ప్రతి భాగానికీ ఒక సన్నని స్వరం ఉంటుంది. మనం ఒక్క స్వరమే అనుకునేది నిజానికి మూల స్వరం, దాని మీద పేరుకున్న అనుస్వరాలు కలిసిన మిశ్రమం. చారుని తలుచుకోండి. చింతపండు, మిరియాలు, జీలకర్ర, ఇంగువ ఏ ఇంట్లోనైనా అవే. పాళ్లు మారితే ఇంటింటికీ రుచి మారుతుంది. ఒకే ‘స’ వీణ మీద ఒకలా, హార్ప్ మీద ఒకలా వినిపించడం ఈ పాళ్ల తేడా వల్లే.

హార్ప్ పాళ్లను నిర్ణయించేవి ముఖ్యంగా రెండు.

మొదటిది, ఎక్కడ మీటుతారన్నది. హార్ప్‌ని ఎక్కువగా తీగ నడిమికి దగ్గరగా మీటుతారు. తీగ రెండు సగాలుగా ఊగాలంటే నడిమి బిందువు కదలకుండా ఉండాలి. మనం పట్టి లాగిందే ఆ బిందువుని! దాంతో ఆ అనుస్వరం, నడిమి బిందువు కదలకూడని మిగతా అనుస్వరాలు బలం పుంజుకోలేవు. నాదం గుండ్రంగా, కాస్త బోలుగా, మెత్తగా వస్తుంది. అదే తీగను అడుగున పలక దగ్గర మీటితే ఆ అనుస్వరాలన్నీ లేచి, గిటార్‌లాగా కణకణమంటుంది.

రెండోది, దేనితో మీటుతారన్నది. గోటితో మీటితే తీగ వంపు పదునుగా ఉంటుంది. ఆ పదునులోంచి సన్నని, వాడి అనుస్వరాలు పుడతాయి. హార్ప్‌ని మీటేది వేలి కొసనున్న కండతో. కండ వెడల్పుగా ఆనుతుంది, వంపు గుండ్రబడుతుంది, వాడి స్వరాలు తగ్గుతాయి. మీటు మొదలు స్పష్టంగా ఉంటుంది, కాని గుచ్చుకోదు.

ఆరిపోవడంలో ఒక క్రమం

తీగ సన్నం. ఎంత ఊగినా చుట్టూ ఉన్న గాలిని పెద్దగా కదిలించలేదు. చీపురు పుల్లతో విసురుకుంటే గాలి రాదు, విసనకర్ర కావాలి. హార్ప్‌కి ఆ విసనకర్ర అడుగునున్న చెక్క పలక. తీగ పలకను కుదుపుతుంది, పలక గాలిని కుదుపుతుంది, ఆ గాలి మన చెవికి చేరుతుంది.

ఇక్కడే ఒక బేరం ఉంది. తీగలోని శక్తంతా ఒక్కసారిగా పలకలోకి పోతే శబ్దం పెద్దగా వచ్చి వెంటనే ఆగిపోతుంది. కొంచెం కొంచెంగా పోతే శబ్దం చిన్నది, కాని ఎక్కువసేపు ఉంటుంది. కుండకి పెద్ద బెజ్జం పడితే నీళ్లు భళ్లున పోతాయి. శివలింగం మీద వేలాడే ధారాపాత్రకు సన్న బెజ్జం కాబట్టి గంటల తరబడి బొట్టు బొట్టుగా కారుతుంది. హార్ప్ తీగలు, ముఖ్యంగా పొడుగాటి మంద్ర తీగలు, ఈ ధారాపాత్ర జాతివి.

ఆ కారడంలోనూ ఒక వరస ఉంది. వాడి అనుస్వరాలు ముందు పోతాయి. గాలి రాపిడి, తీగలోపలి రాపిడి వేగంగా ఊగేవాటినే ముందు తినేస్తాయి. మూల స్వరం చివరిదాకా ఉంటుంది. అందుకే మీటిన స్వరం తగ్గుతూ తగ్గుతూ ఇంకా మెత్తబడుతుంది. ఊరేగింపు వీధి మలుపు తిరిగి దూరమయ్యేటప్పుడు ముందు తాళాల గలగల పోయి, డోలు మోత చివరిదాకా వినిపిస్తుంది కదా. మన చెవికి ఈ క్రమం పుట్టినప్పటి నుంచీ తెలుసు. మెత్తబడుతూ తగ్గే శబ్దం అంటే దూరంగా వెళ్లిపోతున్నది. హార్ప్ స్వరం ప్రతిసారీ మన దగ్గర పుట్టి, మనకు ఏ హానీ చేయకుండా, దూరంగా నడిచి వెళ్తున్నట్టు తోస్తుంది.

తోటి తీగల పలకరింపు

పియానోలో వేలు ఎత్తగానే ఒక మెత్తని దిమ్మ వచ్చి తీగను ఆపేస్తుంది. హార్ప్‌లో అలాంటి దిమ్మలు లేవు. ఆపాలంటే అరచేత్తో అద్దాలి. అద్దకపోతే మీటిన తీగలన్నీ ఒకదాని తోక మీద ఒకటి మోగుతూనే ఉంటాయి.

మీటని తీగలూ ఊరుకోవు. ఉయ్యాల దానికి అలవాటైన లయలో చిన్న చిన్నగా తోస్తే పెద్ద ఊపు అందుకుంటుంది. ఒక తీగ కంపనం పలక గుండా పక్క తీగలకి చేరినప్పుడు, ఆ లయకి సరిపోయే తీగలు వాటంతట అవే ఊగడం మొదలెడతాయి. దీన్ని అనునాదం అంటారు. సితార్‌లో తరపు తీగలు ఇందుకే. హార్ప్‌లో వాయించే తీగలన్నీ అవసరాన్ని బట్టి తరపు తీగలే. ఒక్క మీటుకి ఒక గుంపు మొత్తం సన్నగా ఊఁ కొడుతుంది.

హైదరాబాద్‌కి ఈ ఊఁ కొట్టడంతో ఒక బంధం ఉంది. ఒడిలో స్వరమండల్ అనే తీగల వాద్యం పెట్టుకుని, తాను పాడే రాగానికి శ్రుతి చేసిన దాని తీగలను వేళ్లతో నిమురుతూ పాడిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు గడిపింది ఈ నగరంలోనే. 1968లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన గొంతు ఆగిన చోట ఆ తీగలు నింపే జిలుగే హార్ప్ జిలుగు. తెలుగు బైబిల్లో దావీదు కీర్తనలు చదివేవారికి కూడా స్వరమండలం అన్న మాట సుపరిచితం.

> పెట్టె 2: ఇంట్లో చేసి చూడండి
>
> ఒక ఖాళీ చెప్పుల అట్టపెట్టె మూత తీసి, దాని చుట్టూ పొడుగుగా ఒక రబ్బరు బ్యాండు బిగించండి. మొదట నడిమధ్యన వేలి కండతో మీటండి. తర్వాత పెట్టె అంచు దగ్గర గోటితో మీటండి. రెండోది గరుకుగా, సన్నగా వినిపిస్తుంది. అదే అనుస్వరాల పాళ్ల తేడా.
>
> ఇప్పుడు అదే రబ్బరు బ్యాండును పెట్టె లేకుండా రెండు వేళ్ల మధ్య బిగబట్టి మీటండి. శబ్దం దాదాపు మాయమవుతుంది. పెట్టె చేస్తున్న విసనకర్ర పని అప్పుడు తెలుస్తుంది.

ఖాళీ ఇల్లు, నిండిన ఇల్లు

గృహప్రవేశానికి ముందు ఖాళీ ఇంట్లో మాట్లాడితే గొంతు గంగున మోగుతుంది. మంచాలు, పరుపులు, బట్టలు చేరాక ఆ మోత పోతుంది. గట్టి గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. మెత్తని వస్తువులు మింగేస్తాయి. తిరిగొచ్చే శబ్దాలు విడివిడిగా కాక ఒకదానిలో ఒకటి కలిసిపోయి వస్తే అది ప్రతినాదం. గోడ దూరంగా ఉండి, శబ్దం విడిగా తిరిగొస్తే ప్రతిధ్వని. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, 17 మీటర్ల దూరంలోని గోడను తాకి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. గోల్కొండలో బాలాహిసార్ ద్వారం గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు కొండ మీదివాళ్లకి వినిపించేలా కట్టిన మేస్త్రీలు గోడలతో శబ్దాన్ని ఎలా నడిపించాలో చేతులతోనే నేర్చుకున్నారు.

ఇప్పటి హార్ప్ కళాకారులకు అలాంటి గోడలు అరచేతిలో ఇమిడే పెట్టెలోకి వచ్చాయి. డిలే పెడల్ అనే ఈ పెట్టె చేసే పని చెప్పడానికి తేలిక. తీగ శబ్దాన్ని సెకనుకి వేల సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీలో అయితే ఈ కొలతలు సెకనుకి 44,100. రాసుకున్న ఆ అంకెలను అర సెకనో, ఒక సెకనో ఆగి మళ్లీ శబ్దంగా చదువుతుంది, కాస్త మెల్లగా. ఆ చదివినదాన్ని మళ్లీ రాసుకుని, ఇంకా మెల్లగా చదువుతుంది. ఒక్క మీటు పది మీట్లవుతుంది; ప్రతిదీ ముందుదానికన్నా దూరంగా. లూపర్ అనే మరో పెట్టె అయితే ఒక పొడుగు వాక్యాన్నే పట్టి ఉంచి చుట్టూ తిప్పుతుంది. కళాకారిణి దాని మీద రెండో వరస, మూడో వరస వాయిస్తుంది.

ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో దీన్నే టేపు చుట్టలతో చేశాడు. ఆ చుట్టల పొడవులు సమానం కావు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లను చూడండి. ఒకరిది వేగం, ఒకరిది నెమ్మది, ఒకరి వెంట చంటిపిల్ల ఉంది. ధ్వజస్తంభం దగ్గర ఒకసారి ముగ్గురూ కలిస్తే, మళ్లీ ముగ్గురూ అక్కడే కలవడానికి చాలాసేపు పడుతుంది. అందరూ నడుస్తున్నది అదే దారి, కాని కలయికలు ఎప్పుడూ కొత్త. అసమానమైన టేపు చుట్టలు కూడా ఇలాగే, కొద్ది స్వరాలతోనే, వినేవాళ్లకి పాతబడని సంగీతాన్ని అల్లుతాయి.

ఈ పరికరాలేవీ హార్ప్‌కి కొత్త గుణం తెచ్చిపెట్టలేదు. దానిలో ముందే ఉన్న తోకను పొడిగించాయి, అంతే. అందుకే అవి హార్ప్‌కి అంత సహజంగా అతికాయి.

చెవి వెనక జరిగేది

ఇంత మెత్తదనం చెవిదాకా వచ్చింది సరే, మనసు ఎందుకు నెమ్మదిస్తుంది? మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

ఒకటి, కాపలా. కళ్లు మూసుకోగలం, చెవులు మూసుకోలేం. నిద్రలోనూ చెవి కాపలా కాస్తూనే ఉంటుంది. హఠాత్తుగా పెద్దగా లేచే శబ్దం వినగానే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. ఆలోచన కన్నా ముందే కండరాలు బిగుసుకుంటాయి. హార్ప్ మీటు స్పష్టంగా మొదలైనా చిన్నది, పైగా పుట్టిన క్షణం నుంచీ తగ్గుతూనే ఉంటుంది. కాపలాదారుకి చేసే పని ఉండదు.

రెండు, మాటలు. మనం మనసులో ఒక ఫోన్ నంబరు గుర్తుపెట్టుకుంటుంటే పక్కన ఎవరో మాట్లాడితే తడబడతాం. ఆ మాటలతో మనకు పని లేకపోయినా, భాష తెలియకపోయినా సరే. 1970ల నుంచి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పరీక్షలు చేస్తున్నారు. 1989లో పియర్ సలామే, అలన్ బ్యాడ్లీ చేసిన ప్రయోగాల్లో, వరసగా చూపిన అంకెలను గుర్తుంచుకోవడానికి వాద్య సంగీతం కన్నా పాట ఎక్కువగా అడ్డుపడింది. చదువుతూ, రాస్తూ వినడానికి మాటల్లేని తీగ సంగీతాన్ని ఎంచుకునేవాళ్ల అనుభవానికి ఇది ఆధారం.

మూడు, లయ, విరామం. ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 2006లో 24 మందికి రకరకాల సంగీతం వినిపించి ఊపిరినీ, గుండెనీ, రక్తపోటునీ కొలిచింది. అందులో మన రాగ సంగీతం కూడా ఉంది. లయ వేగం పెరిగితే ఊపిరి, గుండె కూడా వేగం పుంజుకున్నాయి. శైలి కన్నా లయకే ఒళ్లు ఎక్కువగా స్పందించింది. వాళ్లకు దొరికిన విశేషం మరొకటి ఉంది. మధ్యలో పెట్టిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలవకముందు కన్నా కూడా కిందికి దిగాయి. సంగీతం తర్వాత వచ్చే ఖాళీ మామూలు ఖాళీ లాంటిది కాదన్నమాట.

ఈ ఫలితాన్ని హార్ప్ పక్కన పెట్టి చూసినప్పుడు నాకు చాలా విషయాలు ఒక కొలిక్కి వచ్చాయి. యాంబియంట్ తీగ సంగీతంలో ప్రతి స్వరం వెనకా ఒక చిన్న విరామం ఉంది. మీటు మనల్ని పిలుస్తుంది, తోక మనల్ని మెల్లగా నిశ్శబ్దం దాకా దిగబెడుతుంది. రెండు స్వరాల మధ్య ఊపిరి తీసుకునే చోటుంది. ప్రయోగంలో రెండు నిమిషాలు పెట్టిన విరామాన్ని ఈ సంగీతం గుప్పెళ్లుగా పంచిపెడుతోందని నా నమ్మకం.

అమరావతి రాతిలో వంగిన తీగలు

హార్ప్ అనగానే ఐరోపా గుర్తొస్తుంది. కాని విల్లులా వంగిన హార్ప్ మన నేలకి పరాయిది కాదు. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి అమరావతి స్తూప శిల్పాల్లో నర్తకుల పక్కన కూర్చున్న స్త్రీలు వంపు దండికి తీగలు బిగించిన వాద్యాన్ని ఒడిలో పెట్టుకుని వాయిస్తుంటారు. నాలుగో శతాబ్దపు సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద రాజు మోకాళ్ల మీదున్న వీణ కూడా ఈ వంపు హార్పే. ఆ రోజుల్లో వీణ అంటే ఇదేనని కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి 1930లో వివరంగా రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో దండి నిటారుగా ఉన్న వాద్యాలు, ఆపైన మెట్లున్న వీణలు వచ్చాయి. వంపు హార్ప్ ఇక్కడ మాయమై, మయన్మార్‌లో సౌంగ్ అన్న పేరుతో ఇప్పటికీ బతికి ఉంది. జింక తోలు బిగించిన పడవలాంటి దాని ఒంట్లో అమరావతి ఒంపు స్పష్టంగా కనిపిస్తుంది.

మనం హార్ప్‌ని వదిలి మెట్ల వీణను ఎంచుకోవడంలో గమకానికి పెద్ద పాత్ర ఉందని నాకు అనిపిస్తుంది. రాగానికి ప్రాణం గమకం. వంచలేని తీగ దాన్ని మొయ్యలేదు. అయినా వదిలిన స్వరపు అందాన్ని మన సంగీత శాస్త్రం మరిచిపోలేదు. పదమూడో శతాబ్దంలో ‘సంగీత రత్నాకరం’ రాసిన శార్ఙ్గదేవుడు స్వరానికి లక్షణం చెబుతూ, మొదటి దెబ్బతో పుట్టిన శ్రుతి వెంటనే వచ్చే స్నిగ్ధమైన అనురణనమే స్వరం అన్నాడు. తాకిడి కాదు, దాని వెనక మిగిలే మోగుడే స్వరం. వినేవారి మనసుని తనంతట తానే రంజింపజేసేది అదేనని ఆయన మాట. ఆ గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన సింహభూపాలుడు తెలంగాణలోని రాచకొండను ఏలిన రాజు.

సూక్ష్మంగా మోగే తోకను మైకులతో, అంకెలతో, నాడి కొలతలతో ఇప్పుడు మనం కనుక్కుంటున్నాం. దానికో పేరు మన దగ్గర ఏడు వందల ఏళ్లకు పైగా ఉంది.

ఎంతవరకు నమ్మాలి

హార్ప్ విన్నంత మాత్రాన జబ్బులు పోతాయని, ఫలానా శ్రుతిలో అద్భుతాలు జరుగుతాయని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. శాస్త్రం అంత దూరం పోలేదు. వైద్య పరిశోధనలను వడపోసి చూసే కోక్రేన్ సంస్థ 2022లో నిద్రలేమి మీద జరిగిన 13 అధ్యయనాలను పరిశీలించింది. రోజూ కొంతసేపు సంగీతం విన్నవాళ్లు తమ నిద్ర మెరుగుపడిందని చెప్పారని తేల్చింది. అది మంచి వార్త. అయితే అది వాళ్లు స్వయంగా చెప్పుకున్న మెరుగుదల. హార్ప్‌కి మాత్రమే ప్రత్యేకం కూడా కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరుని కలవాలి. సంగీతం మందు స్థానంలోకి రాదు. మందు పక్కన కూర్చుని తోడుంటుంది.

శబ్దం స్థాయి కూడా ముఖ్యం. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకపోవడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగేకొద్దీ ఈ గడువు వేగంగా తగ్గిపోతుంది. రద్దీలో ఇయర్‌ఫోన్ శబ్దం పెంచి వినే హార్ప్ దాని సహజ గుణాన్నే పోగొట్టుకుంటుంది. ఈనోకి ఆ రోజు దక్కిన వరం శబ్దం తక్కువగా ఉండడమే.

కాబట్టి ఒక రాత్రి ఇలా విని చూడండి. శబ్దం తగ్గించండి, ఫ్యాను చప్పుడు దాని మీద వినిపించేంత తక్కువగా. కొత్త స్వరం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడకుండా, వచ్చిన స్వరం ఎటు పోతోందో దాని వెంట వెళ్లండి. ముందు దాని మెరుపు పోతుంది. తర్వాత ఒంపు పోతుంది. చివరికి ఒక సన్నని గుండ్రని మోత మిగిలి, ఫ్యాను గాలిలో కలుస్తుంది. అది ఎక్కడ ఆగిందో, ఫ్యాను ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేరు. వాన, తీగ వేరుపడని ఆ చోటే లండన్ గదిలో మంచం మీదున్న మనిషికి దొరికింది. శార్ఙ్గదేవుడు స్వరమని పేరు పెట్టిన అనురణనం ముగిసేదీ అక్కడే.